ఎండలో మండలి

మండ్లపాడు కరెంటు ఆఫీసులో ఎవరి నోట ఇంగ్లీషు మాట వినపడినా మెమో ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన రోజున, మొట్టమొదటి మెమో 'మెమో' అన్న మాటకే ఇవ్వాల్సి వచ్చింది.

అది భాషా వికాస వత్సరం. ఆఫీసులన్నీ అచ్చ తెలుగులో వెలిగిపోవాలని పై కార్యాలయం వారు ఒక నిఘంటువు పంపారు. దాన్ని ఎవరు రాశారో తెలియదు గానీ, రాసినవాళ్ళు కరెంటు తీగ కిందుగా ఎప్పుడూ నడవలేదని మాత్రం తెలుస్తుంది. అందులో కరెంటు అంటే వర్తమానం. పోల్ అంటే ధ్రువం. షాక్ అంటే దిగ్భ్రాంతి. ఇన్వర్టర్ అంటే తలకిందులు చేయువాడు. ఈ చివరి పోస్టుకు కొత్తగా ఎవరినీ వేయనక్కర్లేకపోయింది, ఆఫీసులో అప్పటికే చాలామంది ఉన్నారు.

ఆ వారం గాలివానకు జరిగిన నష్టాన్ని ఆఫీసువారు ఇలా రాసి పైకి పంపారు: "మిరపయార్డు వీధిలో ధ్రువము ఒరిగినది. దానిని తాకిన గేదె తీవ్ర దిగ్భ్రాంతికి లోనై మరణించినది. ఊరికి వర్తమానము లేదు. భవిష్యత్తు గురించి విచారణ జరుగుచున్నది."

అదే నిఘంటువులో ప్యానెల్ అన్న చోట 'మండలి, కొందరు సభ్యులు కలిసి కూర్చుండు సంఘము' అని ఉంది. పవర్ అన్న చోట 'అధికారము' అని ఉంది. ఈ రెండు మాటల మధ్య, రోటికీ పొత్రానికీ మధ్య మినప్పప్పులా ఇరుక్కున్న మనిషి బొమ్మిశెట్టి నాంచారమ్మ.

పేరు నాంచారమ్మే గానీ పప్పు తప్ప ఇంకేదీ నాన్చే రకం కాదావిడ. బస్టాండు వెనక డాబా ఇంట్లో కింద పిండి కొట్టు, పైన కాపురం. పెద్ద గ్రైండర్లు రెండు, నిలువెత్తు ఫ్రిజ్‌లు రెండు. ఊళ్ళో సగం ఇళ్ళలో ఇడ్లీ ఆవిడ చేతి మీదుగానే పొంగుతుంది. కానీ ఈ వేసవిలో పిండితో పాటు ఆవిడ కోపమూ పొంగుతోంది. పగటిపూట కరెంటు కోత మొదలైంది. ఫ్రిజ్ ఆగితే పిండి పులుస్తుంది. పిండి పులిస్తే బేరం విరుగుతుంది.

ఆవిడ బేరంలో సగం ఆడపిల్లల హాస్టల్. ఆ హాస్టల్ వార్డెన్ సలోమి గారు ఒకరోజు స్వయంగా వచ్చి గుమ్మంలోనే చెప్పేసింది. "మా పిల్లలు ఇడ్లీ తినటం మానేసి మొహం చిట్లించటం నేర్చుకున్నారు నాంచారమ్మ గారూ. ఇంకొక్కసారి పుల్లటి డబ్బా వచ్చిందంటే ప్యాకెట్ పిండికి మారిపోతాం. ఏమీ అనుకోవద్దు."

హాస్టల్ పోతే ఒక గ్రైండరు మూలపడుతుంది. దాని దగ్గర పనిచేసే ఆడవాళ్ళూ మూలపడతారు. అందుకే నాంచారమ్మ గాజులు అమ్మి డాబా మీద పది సోలార్ ప్యానెళ్ళు వేయించింది. బిగించినవాళ్ళు చెప్పిన సంగతి ఆవిడకు ఒక్కసారికే బుర్రకెక్కింది. పలక మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. పక్కన పెట్టె ఉంటుంది, అది ఆ కరెంటును గ్రైండరూ ఫ్రిజ్జూ తాగే రకంగా మారుస్తుంది. వీధిలో కరెంటు పోయినా ఆగని రకం పెట్టె. మనం వాడుకోగా మిగిలింది వీధి తీగలోకి పోతుంది, పొద్దుగూకాక మళ్ళీ అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు. పక్కింటికి గ్లాసుడు చక్కెర ఇచ్చి, మనకు లేనప్పుడు గ్లాసుడు తెచ్చుకున్నట్టు. ఇచ్చిందీ తెచ్చిందీ లెక్క చూడ్డానికి అటూ ఇటూ తిరిగే మీటరు కావాలి. అది బిగించి, స్విచ్చి మీద వేసిన సీలు ఆఫీసువాళ్ళు విప్పాలి. అంతే.

ఆ 'అంతే' దగ్గరే కథ మొదలైంది.

ఆవిడ అర్జీ చూసి సీనియర్ అసిస్టెంటు శేషఫణి కబురు పెట్టాడు. మెడలో కళ్ళజోడు, నోట్లో వక్కపలుకు, చేతిలో నిఘంటువు.

"అమ్మా, తమ భవనం పైకప్పు మీద పది సౌర మండళ్ళు ఏర్పాటు చేసితిమని రాశారు."

"మండళ్ళేందయ్యా? ప్యానెళ్ళు."

శేషఫణి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇక్కడ అనకూడదమ్మా. నిన్న మా అటెండరు ఫ్యాను అన్నాడని అతని నెత్తిమీది ఫ్యాను ఆపేశారు."

"సరే, పలకలనుకో."

"పలక విద్యాశాఖ పరిధి. వాళ్ళకు రాస్తే బలపం ఎక్కడని అడుగుతారు."

"పోనీ అద్దాలు."

"అద్దాలు క్షౌరశాలల కింద పురపాలక సంఘం చూసుకుంటుంది. తమరివి మండళ్ళే. ఇప్పుడు చెప్పండి, అధ్యక్షులెవరు?"

"దేనికి?"

"ఒక్కో మండలికి ఒక అధ్యక్షుడు, ఒక ఉపాధ్యక్షుడు, సభ్యులు. అందరికీ వేలిముద్రలు ఉండాలి. అంటే ముందు వేళ్ళు ఉండాలి."

"అయ్యి పలకలయ్యా నాయనా! పలకవు!"

"పలకని సభ్యులైతే మరీ మంచిదమ్మా. సమావేశం తొందరగా అయిపోతుంది."

నాంచారమ్మ అక్కణ్ణుంచి తిన్నగా డివిజనల్ ఇంజనీరు చిదంబరేశ్వరరావు గారి గదిలోకి పోయింది. సఫారీ సూటు, చల్లటి గది, బల్ల మీద గాజు కింద తన ఫొటోయే. చూడగానే ఆవిడకు ధైర్యం వచ్చింది. చదువుకున్న మనిషి.

"మీరన్నా చెప్పండి బాబూ. ఇంజనీరు గారు గదా. ప్యానెలంటే ఏందో మీకు తెలవదా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళ కొసలు ఒకదానికొకటి ఆనించాడు. "ఇంజనీరుగా నాకు తెలుసమ్మా. డివిజనల్ ఇంజనీరుగా నాకు తెలియదు."

"రెండూ మీరే గదయ్యా?"

"ఒకరు చదువుకున్నారు. ఇంకొకరు సంతకం పెడతారు. వీళ్ళిద్దరూ కలుసుకోకూడదని సర్వీసు నిబంధన." ఆయన గొంతు సవరించుకుని ఉత్తర్వు స్వరంలోకి దిగాడు. "తదుపరి ఆదేశములు వెలువడు పర్యంతము సదరు విషయము పరిశీలనాధీనమై యుండును."

"పరిశీలనంటే ఎన్నాళ్ళు బాబూ?"

"నానాలమ్మా."

"మినప్పప్పయితే ఒక్క రాత్రిలో నానుద్ది."

"ఫైలు పొట్టు తీయని పప్పమ్మా."

ఇంటికొచ్చేసరికి భర్త పున్నయ్య గుమ్మంలో ఉల్లిపాయ ఒలుచుకుంటూ ఎదురయ్యాడు. "ఏమంటన్నారే?"

"మనుషులు కావాలంట."

"ఎందుకు?"

"డాబా మీద కూసోటానికి."

పున్నయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అంతేగా? కూసోటం మా వంశానికి అలవాటే."

కానీ కూర్చోవడంలో కూడా కష్టం ఉందని ఆయనకు పరిశీలన రోజున తెలిసింది. పై కార్యాలయం వారు పాత నిబంధనల్లో ఇంగ్లీషు మాటలు ఉన్నచోటల్లా నిఘంటువు మాటలు పెట్టి, ప్యానెల్‌ను మండలి అని దిద్దారు, మిగతాదేమీ ముట్టుకోలేదు. శేషఫణి డాబా మీద నిలబడి ఆ నిబంధనలు గొంతెత్తి చదివాడు.

"మండలిని పైకప్పుపై దక్షిణాభిముఖముగా, తగిన వాలులో బిగించవలెను. మండలిపై ఏ పూటా నీడ పడరాదు. వారమునకొక పర్యాయము నీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడువవలెను. పక్షుల రెట్టలు ఎప్పటికప్పుడు తొలగించవలెను. మండలికి ఇరువది ఐదేండ్ల హామీ యుండవలెను. పగుళ్ళు గల మండలి చెల్లదు."

నాంచారమ్మ తరఫున మండళ్ళకు వచ్చినవాళ్ళు పున్నయ్య, ఆడబిడ్డ, తోడికోడలు, మేనమామ, ఇంకా వరసలు వెతికితే దొరికే బంధువులు. అందరూ దక్షిణం వైపు మొహాలు పెట్టి చాపల మీద కూర్చున్నారు. శేషఫణి జేబులోంచి కోణమానిని తీసి పున్నయ్య వీపుకు ఆనించాడు.

"ఇంకాస్త వాలండి."

"ఇంకా వాలితే నిద్దరొచ్చిద్దయ్యా."

"నిద్రపోయే మండళ్ళు ఉన్నాయి గానీ, అవి రాష్ట్ర స్థాయివి. డివిజన్ స్థాయిలో మెలకువగా ఉండాలి." ఆయన మేనమామ దగ్గరికి వచ్చి తలపాగా నుంచి కాళ్ళదాకా చూశాడు. "ఈ పెద్దాయనకు ఇరవై ఐదేళ్ళ హామీ ఎవరిస్తారు?"

"పైవాడియ్యాల," అన్నాడు మేనమామ.

"పై కార్యాలయమా?"

"ఇంకా పైన."

శేషఫణి వంగి ముసలాయన మడమలు చూశాడు. "పగుళ్ళు. చెల్లదు," అని కొట్టేశాడు. లేచి నిలబడుతుంటే బంధువుల వీపుల వెనక నల్లగా నిగనిగలాడుతున్న అసలు ప్యానెళ్ళు కళ్ళబడ్డాయి. "ఇవేమిటమ్మా?"

"ఇయ్యే గదయ్యా నేను మొత్తుకునేది!"

ఆయన తల పంకించి రాసుకున్నాడు: 'సభ్యులు వీపు ఆనించుకొనుటకు సదుపాయము కలదు. సంతృప్తికరము.'

అయినా సీలు విప్పలేదు. మండలి జాబితాను ఆఫీసు గోడకు అంటించి ఎవరికైనా అభ్యంతరం ఉందేమో చూడాలన్నాడు. అంటించాడు. 'బస్టాండు వెనుక పది సౌర మండళ్ళు అధికారమును ఉత్పత్తి చేయును. మిగులు అధికారమును ప్రభుత్వమునకు బదిలీ చేయును.' అభ్యంతరాలు రాలేదు గానీ, జిగురు ఆరకముందే భావనారాయణ వచ్చాడు.

భావనారాయణ వార్డు నాయకుడు. ఎన్నికల్లో ఓడి, నామినేటెడ్ పదవి ఏదైనా రాకపోతుందా అని చాలాకాలంగా ఎండిపోతున్న మనిషి. ఇస్త్రీ చొక్కా, వెనక పది మంది, ఆ పది మంది వెనక ఒక డప్పు.

"ఏందక్కా, ఊళ్ళో అధికారం ఉత్పత్తి అవతంటే ముందు మాకు చెప్పొద్దా? మేమేమన్నా బయటోళ్ళమా?"

"అది అధికారం కాదన్నా, కరెంటు."

"ఏ పేరయితే ఏముందిలే. ముట్టుకున్నోడి దిమ్మ తిరగాల, అంతేగా?"

వెనక ఒకడు నిబంధనలు తిరగేస్తూ బెదిరిపోయాడు. ప్యానెల్లో ఉండే సెల్ అన్న మాటను కూడా నిఘంటువు వదల్లేదు. "అన్నా, 'ప్రతి మండలి యందును చెరసాల గదులు వరుసగా యుండవలెను' అని రాసుందే!"

"దానికేముందిరా," అన్నాడు భావనారాయణ, "మనకు కొత్తా?"

మర్నాటికి బంధువులు దిగిపోయారు, ఏ వరసా కానివాళ్ళు ఎక్కారు. పది మండళ్ళకు పది మంది అధ్యక్షులు, అందరి మీదా భావనారాయణ మహాధ్యక్షుడు. డాబా మీద షామియానా వేశారు. దండలు, మైకు, కూల్‌డ్రింకులు. ఆ షామియానా నీడ తిన్నగా ప్యానెళ్ళ మీద పరుచుకుంది. అది చూసి నాంచారమ్మ గుండె గ్రైండరు రాయిలా బరువెక్కింది. హాస్టల్‌కు పంపిన డబ్బా ఆ పొద్దున కూడా కాస్త పులిసిందని సలోమి గారు ఫోన్లో చెప్పి పెట్టేసింది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది.

పదవులంటే జనం ఇంత ఎగబడటం చూసి డివిజనల్ ఇంజనీరు గారికి కూడా నోరూరింది. పదవి అన్నాక కారుంటుంది, కాకపోతే కారు భత్యమన్నా ఉంటుంది. అందుకని ఆయన తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు: 'సదరు మండళ్ళలో ఖాళీలేర్పడినచో డివిజనల్ ఇంజనీరు పదవీరీత్యా స్వయముగా ఆ స్థానములను అలంకరించును.' ఆ సంబరంలో తాత్కాలిక అనుమతి మీద సంతకం కూడా పెట్టాడు. శేషఫణి వచ్చి సీలు విప్పి, అనుమతి నాంచారమ్మ చేతిలో పెట్టాడు.

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. 'మండలి నియమిత వాలులో, నీడ లేక, ఆసీనమై యున్న సమయమున మాత్రమే యంత్రములు నడుపవలెను.'

అప్పుడు నాంచారమ్మ మొదటిసారి నవ్వింది. "ఏమయ్యా," అంది భర్తతో, "ఆ షామియానా విప్పు."

మర్నాడు టిఫిన్ల వేళకే భావనారాయణ ఇంటికి ఫోను. "అన్నా, పప్పు నానింది. మీవాళ్ళను తీసుకుని రండి."

"ఎందుకక్కా?"

"అధికారం ఉత్పత్తి చెయ్యాల. ఫ్రిజ్ వెయ్యాల, గ్రైండరు తిప్పాల."

"సంతకం పెట్టి పంపిస్తాలే."

"సంతకానికి ఎండ తగలదన్నా. మనిషే కావాల. ప్రభుత్వం వారి రూలు."

వచ్చారు. దక్షిణం వైపు తిరిగి, వీపులు వాల్చి, నెత్తిన గుడ్డ కూడా లేకుండా కూర్చున్నారు. గుడ్డ వేస్తే నీడ. కింద గ్రైండరు గిర్రున తిరిగింది, ఫ్రిజ్ గుర్రుమంది. నాంచారమ్మ కళ్ళు చెమర్చాయి. పైన మండలి మొత్తం చెమర్చింది. భావనారాయణ నీళ్ళకని లేచినప్పుడల్లా ఆవిడ కిందనుంచి స్విచ్చి ఆపి కేక పెట్టేది. "అన్నా, మండలి లేచింది, పిండి కూచుంది!" ఆయన మళ్ళీ కూర్చునేవాడు. కడగాల్సిన వారం రాగానే పున్నయ్య బకెట్టూ మెత్తని గుడ్డా పట్టుకుని పైకెక్కి నాయకులను వరసగా తుడిచాడు. పావురాలు తమ వంతు సహకారం అందించాయి.

అధికారంలో ఉన్నవాళ్ళు వేడెక్కుతారని విన్నాడు గానీ, ఇంతగా కాలుతుందని భావనారాయణ ఎన్నడూ అనుకోలేదు. మొదట అనుచరులు రాజీనామా చేశారు. తర్వాత అధ్యక్షులు. చివరికి మహాధ్యక్షుడు, 'వ్యక్తిగత కారణముల వల్ల' అని రాసి, ఆ వ్యక్తిగత కారణానికి వీపంతా వెన్న రాయించుకుని ఇంట్లో బోర్లా పడుకున్నాడు.

డాబా ఖాళీ. అదే రోజున సలోమి గారి నుంచి ఖరాఖండీ కబురు. "రేపటి డబ్బా చూసి తేల్చేస్తాం."

నాంచారమ్మ పప్పు నానబోసి, తెల్లారి ఆఫీసు తెరవగానే చిదంబరేశ్వరరావు గారి గదిలోకి పోయి నమస్కారం పెట్టింది.

"ఖాళీలొచ్చినయ్యి బాబూ. అన్నీ. తమరు రావాల."

"నేనా?" ఆయన చల్లటి గదిలో కూడా చెమటతో తడిశాడు. "ఎవరినైనా ఇన్‌ఛార్జిగా వేద్దాం."

శేషఫణి నెమ్మదిగా దగ్గాడు. "తమరు 'స్వయముగా' అని రాశారండి. కింద గీత కూడా గీశారు."

"రాకపోతే?"

"మండలి ఖాళీగా ఉండగా అధికారం ఉత్పత్తి అయితే, ఆ అధికారం ఎవరిదని విచారణ వస్తుందండి. సంతకం తమరిది."

చిదంబరేశ్వరరావు గారు సఫారీ సూటుతో డాబా ఎక్కారు. కింద గ్రైండరు మొదలైంది. మండ్లపాడు ఎండ ఎవరి హోదా చూడదు. డాబా పెనంలా ఉంది, దాని మీద ఆయన ఊతప్పంలా ఉన్నారు. శేషఫణి కోణమానిని పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకాస్త వాలండి సార్. నిబంధన."

"గొడుగు?"

"నీడ సార్."

ఆయన పిట్టగోడ మీదుగా కిందికి కేక వేశాడు. "ఇంకెంతసేపమ్మా?"

"మెత్తగా నలగాల బాబూ!" నాంచారమ్మ గొంతు కిందనుంచి చల్లగా వచ్చింది. "తొందరపడితే ఇడ్లీ రాయయిద్ది. ఆడపిల్లలు తినాల."

ఆయన ఇంకాస్త వాలాడు. ఆ వాలడంలో వీపు వెళ్ళి కణకణలాడే అసలు ప్యానెల్ అంచుకు ఆనుకుంది. అంతే. డివిజనల్ ఇంజనీరు ఎగిరిపడ్డాడు. ఇన్నాళ్ళూ ఆయనలో నిద్రపోతున్న ఇంజనీరు మేలుకున్నాడు.

"శేషఫణీ! నా వెనకాల ఉన్నదాన్ని ఏమంటారు?"

"వీపు ఆనించుకొను సదుపాయము సార్."

"ప్యానెల్!" ఆయన అరుపుకు బస్టాండులో బస్సు దిగుతున్నవాళ్ళు తలెత్తి చూశారు. "ప్యానెలంటారయ్యా దాన్ని! ఎండను అది తాగాలి, నేను కాదు! రాసుకో, ప్యానెలంటే ప్యానెలే! ఆ మాట తెలుగే! మండలి రద్దు!"

"దానికి ఆధారం ఏమని రాయమంటారు సార్?"

"నా వీపు!"

ఉత్తర్వు డాబా మీదే తయారైంది. శేషఫణి వీపే బల్ల. మండలి లేకుండానే యంత్రాలు నడపవచ్చన్నారు. ఆ మధ్యాహ్నం కోతకు ఊరంతా ఆగిపోయినా నాంచారమ్మ ఫ్రిజ్ ఆగలేదు. మర్నాడు పొద్దున సలోమి గారు ఫోను చేసింది. "ఏం చేశారండీ? పిల్లలు రెండో వాయి అడిగి మరీ తిన్నారు. ప్యాకెట్ వాళ్ళను రావద్దని చెప్పేశాను." నాంచారమ్మ ఫోను పెట్టేసి, గ్రైండరు దగ్గరి ఆడవాళ్ళ వైపు తిరిగి ఇంకో తవ్వెడు పప్పు పొయ్యమంది.

ఇక మిగిలింది మీటరొక్కటే. నాలుగు రోజులాగి శేషఫణి నిఘంటువుతో దిగాడు. మొహం పెళ్ళిపందిరిలా ఉంది.

"శుభవార్తమ్మా. తమరు కోరిన నెట్ మీటరు మంజూరైంది. నెట్ అంటే వల. మీటరంటే ఛందస్సు. తమరికి వల ఛందస్సు ఇస్తున్నాం. ఏ ఛందస్సో తమరే ఎంచుకోవాలి. కందమా, సీసమా?"

నాంచారమ్మ అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "కంద మా ఇంట్లో ఎవురూ తినరు, నోరు దురద. సీసం బరువు, గోడ ఆగదు. అటో ఆట, ఇటో ఆట ఆడేదేదన్నా ఉంటే ఇయ్యి."

శేషఫణి కళ్ళు మెరిశాయి. "ఆటవెలది!" అని రాసుకున్నాడు. "మరి యతి ఎక్కడ బిగించాలో చూడాలి. ఎత్తున ఉంటే మంచిది. మెట్ల గది కప్పు మీదికి ఎక్కి చూస్తాను, నిచ్చెన ఉందా అమ్మా?"

ఎండ చురచురలాడుతోంది. నాంచారమ్మ నిచ్చెన వేసింది. అతను ఎక్కాక తీసేసింది.